పాదరసానికి పక్కిల్లు

మా పెద్దమ్మ పోయి ఇంకా నెల కాలేదు. ఆ రోజు పొద్దున్న రాజమండ్రిలో నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే నరసాపురం నుంచి పెదనాన్న ఫోన్ చేశారు. "అమ్మా, మీ పెద్దమ్మ కాఫీ అడిగింది. కలిపి తెచ్చేసరికి పలకలేదు," అన్నారు.   "కాఫీ ఇంకా వేడిగానే ఉందమ్మా," అన్నారు మళ్ళీ, దాన్నేం చెయ్యాలో నన్ను అడుగుతున్నట్టు. పక్కింటావిడ ఫోన్ అందుకుని, డాక్టరుగారు వచ్చి చూశారని, గుండె ఆగిపోయిందన్నారని, త్వరగా రమ్మని చెప్పింది.

బస్సులో కూర్చున్నాక ఒక సంగతి తోచింది. దారిలో ఎవరైనా మీ పెద్దమ్మ ఎలాంటి మనిషని అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఆవిడ దేన్ని నమ్మేదని అడిగితే మాత్రం ఏం చెప్పాలో తెలీదు. ఆవిడ ఇంట్లో ఉండి హైస్కూలు చదువుకున్నాను. ఆ తర్వాత కూడా ప్రతి సెలవుకూ వెళ్తూనే ఉన్నాను. అయినా తెలీదు. ఇది రాస్తే తెలుస్తుందేమోనన్న ఆశ కూడా పెద్దగా లేదు. ఆవిడకు రుణపడి ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

పెద్దమ్మ ఆడపిల్లల హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేది. వాళ్ళకు పిల్లల్లేరు. మా ఊరు కోనసీమలో లోపలికి ఉంటుంది. ఎనిమిదో తరగతికి నన్ను ఆవిడ దగ్గర పెట్టారు. ఆవిడను తలచుకుంటే ముందు నాకు కనిపించేది ఆవిడ చెయ్యి. ల్యాబులో ఏ సీసా వాసనైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూడకూడదు, చేత్తో గాలిని మెల్లగా మన వైపు తోసుకుని చూడాలని మాకు నేర్పింది. ఆ అలవాటు వంటింట్లోకీ వచ్చేసింది. బొమ్మిడాయి చేపల పులుసు దింపినా, పాలు విరిగాయేమోనని అనుమానం వచ్చినా, గిన్నె మీద అరచేతిని విసనకర్రలా ఆడించి, తల కొంచెం వెనక్కి పెట్టి వాసన చూసేది. పేరంటానికి వెళ్ళినచోట కూడా అలాగే చేస్తే చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇంకో అలవాటు, ఎవరైనా కంగారుగా ఏదో చెప్పబోతే ఆపేసేది. "ఏమైందో తర్వాత చెబుదువుగాని. ముందు అక్కడ ఏముందో చెప్పు," అనేది. జ్వరం వచ్చినా, సైకిలు పోయినా, మా అమ్మకూ నాన్నకూ మాటలు లేకపోయినా ఆవిడ మొదటి ప్రశ్న అదే.

పెదనాన్న నీటిపారుదల శాఖలో గుమాస్తా. ఆయన తండ్రి పాతకాలపు వైద్యుడు, భస్మాలూ రసాలూ నూరేవాడు. రాగిని బంగారం చేయవచ్చని, పాదరసం వశమైతే చాలని ఆయన నమ్మాడు. చేయకుండానే పోయాడు. ఆ పని పెదనాన్న మీద పడింది. పెరట్లో ఒక కుంపటి, తోలు తిత్తి, లోహం కరిగించే మట్టి మూసలు, చిన్న త్రాసు ఉండేవి. ఆదివారాలూ సెలవు సాయంత్రాలూ ఆయన వాటి దగ్గరే. ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోలేదు, ఏ స్వామీజీనీ గుమ్మం ఎక్కించలేదు. ఊళ్ళో దీన్ని పిచ్చి అనుకునేవాళ్ళు, ఆయన వినపడనట్టు ఉండేవారు.

బళ్ళో సైన్సు చెప్పే మనిషి ఇంట్లో దీన్ని ఎలా సహించిందని మీరు అడగొచ్చు. సహించడమేంటి, కుంపటి ఎక్కడ ఉండాలో నిర్ణయించింది ఆవిడే. కాపురానికి వచ్చినప్పుడు అది వెనక వసారాలో ఉండేదట. పాదరసం ఆవిరి ఒంటికి మంచిది కాదని పెరటి చివరకు మార్పించింది. ఆయన నిప్పు రాజేసే ముందు పెద్దమ్మ గుమ్మంలో నిలబడి పమిట కొస గాల్లోకి వదిలేది. అది ఎటు ఎగిరిందో చూసి, "ఏవండీ, ఈవేళ పడమటి గాలి. మీరు అటు కూర్చోండి," అనేది. ఆయన పీట తీసుకుని ఆవిడ చూపించిన వైపుకు మారేవారు. ఒక్క రోజు కూడా ఎదురు చెప్పగా నేను వినలేదు.

బళ్ళో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం పదమూడేళ్ళ పిల్లకి ఎంత తికమకో ఆలోచించండి. తొమ్మిదో తరగతిలో ఆవిడే మాకు పాఠం చెప్పింది. ఎంత కాల్చినా, ఎందులో కలిపినా రాగి రాగిగానే ఉంటుంది, మూలకం మారదు అంది. ఆ సాయంత్రమే ఇంట్లో, మూస పట్టుకునే పటకారు కనపడక పెదనాన్న వెతుక్కుంటుంటే తానే వెతికి చేతికిచ్చింది. రాత్రి అన్నాల దగ్గర అడిగాను.

"పెద్దమ్మా, మూలకం మారదని నువ్వే చెప్పావు కదా. మరి పెదనాన్న ఏం చేస్తున్నారు?"

"కుంపటి మీద మారదని చెప్పాను. ఎక్కడా మారదని అనలేదే."

"మరెక్కడ మారుతుంది?"

"పొద్దున్న లేస్తే నీ నెత్తి మీద ఉంటాడు చూడు, అక్కడ. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియం అవుతోంది. భూమిలో యురేనియం ఎవరూ ముట్టుకోకుండానే మారి మారి చివరికి సీసం అవుతుంది. మంటకి అందేది పరమాణువు పైపైన ఉండే ఎలక్ట్రాన్ల వరకే. మారాల్సింది లోపల కేంద్రకం. అంత లోపలికి మంట వెళ్ళదు."

పెదనాన్న అన్నం కలుపుకుంటూ అంతా విన్నారు. "లోపలికి వెళ్ళేది ఏదో ఉందన్నమాట," అన్నారు. పెద్దమ్మ ఆయనకు మజ్జిగ పోసింది.

ఆ ఏడు పరీక్షలో మూలకాలు మారతాయా అన్న ప్రశ్న వచ్చింది. నాకు ఏం రాయాలో తోచలేదు. "మారతాయి. కానీ మా పెరట్లో మారవు," అని రాశాను. ఆవిడే దిద్దింది. సగం మార్కులు వేసింది. సగమే ఎందుకని అడిగితే, "కారణం రాయలేదు కదా," అంది. నవ్వలేదు. నేను సైన్సులో ఎక్కువ దూరం వెళ్ళలేదు, డిగ్రీలో కామర్సు తీసుకున్నాను. ఆ సగం మార్కు దగ్గరే నేను ఆగిపోయానేమో అనిపిస్తుంది.

పెదనాన్నవాళ్ళు పాదరసాన్నే ఎందుకు పట్టుకున్నారని ఇంకోసారి అడిగాను. గోడ మీద మూలకాల పట్టిక ఉండేది. అందులో వేలు పెట్టి చూపించింది. "ఇదిగో పాదరసం, దీని నంబరు ఎనభై. అంటే లోపల ఎనభై ప్రోటాన్లు. పక్కనే చూడు, బంగారం. డెబ్భై తొమ్మిది. పాత రసవాదులకి ఈ లెక్కలేమీ తెలీవు. ప్రోటాన్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. అయినా ఉన్న లోహాలన్నిట్లో సరిగ్గా పక్కింటి తలుపే తట్టారు. ఎలా తట్టారో నాకు తెలీదు." ఆ 'నాకు తెలీదు' అనే మాట ఆవిడ ఎప్పుడూ అంత మెల్లగా అనగా నేను వినలేదు. రియాక్టరులో పాదరసాన్ని న్యూట్రాన్లతో కొడితే రవ్వంత బంగారం వస్తుందని, దానికయ్యే ఖర్చుతో అంతకు ఎన్నో రెట్లు బంగారం కొనుక్కోవచ్చని కూడా చెప్పింది. "అయితే మారినట్టేనా?" అన్నాను. "మారినట్టే," అంది.

స్కూల్లో తోటి టీచర్లు ఆటపట్టించేవాళ్ళు. "ఏమండీ, మీవారు బంగారం చేశారా?" అని నా ముందే ఒకావిడ అడిగింది. "ఇంకా లేదండి," అని పెద్దమ్మ అటెండెన్సు తీసుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ 'ఇంకా' అన్నమాటను నేను చాలా ఏళ్ళు మోశాను.

ఆరేడేళ్ళ కిందట పెద్దమ్మకు గొంతు దగ్గర గడ్డ తేలింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. మిగిలిన కణాలేమైనా ఉంటే అవి చావడానికి రేడియోధార్మిక అయొడిన్ మింగాలన్నారు. థైరాయిడ్ కణాలు అయొడిన్‌కి మొహం వాచి ఉండాలి కాబట్టి, అంతకుముందు కొన్ని వారాలు అయొడిన్ తగలని భోజనం పెట్టమన్నారు. ప్యాకెట్ ఉప్పు కూడదు, సముద్రపు చేప కూడదు, రొయ్య కూడదు, పాలూ తగ్గించాలి. మా వైపు ఇంట్లో ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది చెప్పండి. వంట పెదనాన్న తీసుకున్నారు. అయొడిన్ కలపని ఉప్పు కోసం పాలకొల్లులో దుకాణాలన్నీ తిరిగారు. పాదరసం తూచే త్రాసును కడిగి, అందులో ఆ ఉప్పు తూచి వేసేవారు. పెద్దమ్మ గిన్నె మీద చెయ్యి ఆడించి వాసన చూసి, "ఉప్పుకి వాసన ఉండదని మర్చిపోయాను," అనేది.

ఆసుపత్రిలో ఆవిణ్ణి గోడలకు సీసపు రేకు వేసిన గదిలో పెట్టారు. మందు మింగాక మేమెవరం లోపలికి వెళ్ళకూడదు. రేడియేషన్ కొలిచే ఉద్యోగి, చిన్న వయసు కుర్రాడే, చేతిలో మీటరుతో వరండాలోకి వచ్చాడు. పెదనాన్న లేచి నిలబడ్డారు.

"బాబూ, ఒక మాట. ఆవిడకి ఇచ్చిన అయొడిన్ చివరికి ఏమవుతుంది?"

"చాలావరకు బయటికి వెళ్ళిపోతుందండి. ఒంట్లో ఉండిపోయింది రేడియేషన్ ఇస్తూ తగ్గిపోతుంది. ఎనిమిది రోజులకి సగమవుతుంది."

"తగ్గడం కాదు. ఏమవుతుంది అంటున్నాను."

అతను కొంచెం ఆలోచించాడు. "జినాన్ అండి. ఒక గ్యాసు."

"అయొడిన్ వేరు, జినాన్ వేరు కదా?"

"వేరేనండి. పట్టికలో పక్కపక్కనే ఉంటాయి."

"ఇప్పుడే? ఈ గదిలోనే? ఆవిడ లోపలే మారుతోందా?"

"అవునండి, ఇప్పుడే."

పెదనాన్న బెంచీ మీద కూర్చుండిపోయారు. కాసేపటికి నవ్వారు. చిన్నగా మొదలై భుజాలు ఊగేలా నవ్వారు, కళ్ళవెంట నీళ్ళు కారాయి. నాకు కోపం వచ్చింది. లోపల ఆవిడ ఒంటరిగా ఉంది, బయట ఈయన నవ్వుతున్నారు. తర్వాత చూస్తే అది నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయాను. మూలకం మారడం చూడాలని జీవితమంతా కుంపటి ముందు కూర్చున్న మనిషి. అది నిజంగా జరిగే రోజున తలుపుకు ఇవతల కూర్చోబెట్టారు. ఆ రోజు ఆయనకు సంతోషమో దుఃఖమో నేను అడగలేదు. అడిగినా ఆయనకు తెలిసి ఉండేదనుకోను.

ఇంటికి వచ్చాక కూడా కొన్నాళ్ళు దగ్గరగా కూర్చోకూడదన్నారు. అరుగుకు ఆ చివర ఆవిడ కుర్చీ, ఈ చివర ఆయన కుర్చీ. వీధిన పోయేవాళ్ళకి వినపడేలా మాట్లాడుకునేవాళ్ళు.

"ఏవండీ, ఇన్నాళ్ళూ మీరు కుంపటి దగ్గర ఉంటే గాలి ఎటుందో నేను చూశాను. ఇప్పుడు నేనే కుంపటినయ్యాను."

"దీనికి గాలితో పని లేదుట. దూరంగా ఉంటే చాలుట," అన్నారాయన.

"ఎంత దూరం?"

"ఆ కుర్రాడు చెప్పాడు కదా, రెండు మీటర్లు."

"మీరు అంతకంటే దూరంగానే కూర్చున్నారు."

ఆయన కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నారు.

పెద్దమ్మ కోలుకుంది. ఆ తర్వాత పెదనాన్న కుంపటి వెలిగించలేదు. నేను హమ్మయ్య అనుకున్నాను. పెద్దమ్మ మాత్రం దిగులు పడింది. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ పెదనాన్నకి నువ్వయినా చెప్పు, మళ్ళీ మొదలుపెట్టమను," అంది.

"అదేంటి పెద్దమ్మా. అవ్వదని నువ్వే కదా చెప్పేదానివి."

"చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను."

"మరి?"

"ఆదివారం సాయంత్రం ఆయన ఏం చెయ్యాలో తెలీక వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరుగుతున్నారు. నాకు చూడబుద్ధి కావట్లేదు."

 నేను పెదనాన్నతో అన్నాను. "చూద్దాంలేమ్మా," అన్నారు. వెలిగించలేదు.

ఈమధ్య పేపర్లో ఒక వార్త వచ్చింది. విదేశాల్లో ఒక పెద్ద యంత్రంలో సీసం కేంద్రకాల్ని ఒకదాన్నొకటి రాసుకుపోయేలా పరిగెత్తిస్తే, కొన్నిట్లోంచి మూడు ప్రోటాన్లు ఊడిపోయి అవి బంగారమయ్యాయట. పెదనాన్న అది పెద్దమ్మకు చదివి వినిపించారు. "చూశావా, సీసం కూడా," అన్నారు. "క్షణం కూడా నిలవలేదని రాశారు కదా, అదీ చదవండి," అంది ఆవిడ. ఆయన చదివారు.  అక్కడే కూర్చున్న నాకు, ఆ వార్తతో ఎవరు గెలిచినట్టో అర్థం కాలేదు. అదే నేను ఆవిణ్ణి ఆఖరుసారి చూడటం.

ఆవిడ పోయిన రోజు సంగతులు ఎక్కువ రాయను. అన్నీ జరగవలసినట్టే జరిగాయి. ఒంటిమీది నగలు తీసి పెదనాన్న చేతిలో పెట్టారు. మూడో రోజు అస్థికలు ఏరుకొచ్చాక, ఆయన పెరట్లో నన్ను పిలిచి గుప్పిట విప్పారు. సూత్రాలూ నల్లపూసలూ కాక అందులో బఠాణీ గింజంత బంగారు రంగు పూస ఒకటి ఉంది. పెద్దమ్మ మెడలో అది ఎప్పుడూ ఉండేదే. రెండో చేతిలో ఇంకో పూస. ఆకారం అదే, నల్లగా మసిబారి ఉంది.

"రెండూ ఒకే మూసలోంచి వచ్చాయమ్మా. పెళ్ళయిన కొత్తలో. బంగారం అనుకుని ఒకటి మీ పెద్దమ్మకిచ్చాను, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. నెల తిరక్కుండా నాది నల్లబడింది. రాగిలో తుత్తునాగం, అదే జింకు, పడి ఉంటుంది, ఇత్తడి అయింది. చెబుదామని వెళ్తే ఆవిడ అప్పటికే మెడలో వేసుకుంది. సరే, నల్లబడ్డాక తనే తెలుసుకుంటుందిలే అనుకున్నాను. అది నల్లబడలేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. రోజూ చూసేవాణ్ణి. ఒకే మూస, ఒకే మంట, నాది ఇత్తడి, ఆవిడది ఇలా మెరుస్తోంది. కంసాలి దగ్గరికి పట్టుకెళ్తే నిమిషంలో తేలేది. మెడలోంచి తీసి ఇమ్మని అడగలేకపోయాను. ఆ రోజు ఏం కుదిరిందో, మళ్ళీ ఎలా కుదురుతుందోనని ఇన్నేళ్ళూ ఆ కుంపటి వెలిగించాను. నువ్వు చెప్పమ్మా, నీకేమనిపిస్తోంది?"

 ఒక సంగతి నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో ఆయన బజారుకు వెళ్ళినప్పుడు పెద్దమ్మ నూతి గట్టు దగ్గర కూర్చుని ఆ ఒక్క పూసనీ చింతపండుతో తోమడం చూశాను. మిగతా నగలు కుంకుడు రసంతో కడిగేది. బంగారాన్ని ఎవరూ చింతపండుతో తోమరు. ఇత్తడి చెంబుల్ని తోముతారు. అడిగితే, "వెళ్ళి చదువుకో," అంది. ఆఖరుసారి వెళ్ళినప్పుడు కూడా ఆవిడ వేళ్ళకు చింతపండు గుజ్జు, ఆ వేళ్ళ మధ్య ఆ పూస ఉన్నాయి.

చెప్పకపోతే ఆయన మిగిలిన రోజులన్నీ ఆ పూస వంక చూస్తూ, ఒకప్పుడు తన చేతిలో బంగారం అయిందనుకుంటూ గడుపుతారు. చెబితే అది పోతుంది. పెద్దమ్మ అయితే ఏం చేసేదోనని ఆలోచించాను. అక్కడ ఏముందో చెప్పు అనేది. కానీ ఆవిడే చెప్పలేదు కదా. ఎటూ తేలలేదు. తేలకుండానే నోరు తెరిచాను.

"పెద్దమ్మ దాన్ని చింతపండుతో తోమేది పెదనాన్నా. మీరు ఇంట్లో లేనప్పుడు."

ఆయన రెండు పూసల్నీ ఒకే అరచేతిలోకి మార్చుకున్నారు. 

"ఎప్పటినుంచి?"

"నాకు తెలిసినప్పటినుంచీ."

"నేను దాన్ని చూస్తున్నానని ఆవిడకి తెలుసా?"

"తెలీదు పెదనాన్నా."

"ఆవిడకి తెలీదా, నీకు తెలీదా?"

"నాకు తెలీదు."

నిజంగానే తెలీదు. భర్త ఇచ్చింది మాసిపోకూడదని తోముకుందో, ఆయన ఆశ మాసిపోకూడదని తోమిందో. బళ్ళో మారదని చెప్పిన చేత్తోనే, ఒక మనిషి కోసం ఏళ్ళ తరబడి ఇత్తడిని బంగారంగా ఉంచింది. అది అబద్ధమా అంటే, ఆవిడ నోటితో ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఆ తోమడం లేకపోతే ఆయన మొదటి నెలలోనే కుంపటి ఆర్పేసి ఉండేవారేమో, హాయిగా ఉండేవారేమో. లేక ఆదివారాలు గుమ్మాల మధ్య తిరిగేవారేమో. పెదనాన్న మొహంలో కోపం వెతికాను. కనపడలేదు. సంతోషమూ కనపడలేదు. ఆయన పూసలు చొక్కా జేబులో వేసుకుని, "పద, పడవ మాట్లాడారు. ఆలస్యమవుతుంది," అన్నారు.

రేవులో పడవ ఎక్కాం. పెదనాన్న, నేను, పురోహితుడుగారు, పడవతను. గోదావరి మధ్యకు వెళ్ళాక పడవతను ఇంజను ఆపాడు. మంత్రం అయ్యాక పెదనాన్న కుండ వంచారు. బూడిద నీళ్ళ మీద పలచగా పరుచుకుంది, రెండు బంతిపూలు దానితో పాటు పడ్డాయి. ఆయన సముద్రం వైపు తిరిగి చేతులు జోడించారు, అది అటే వెళ్తుందని. అది వెళ్ళలేదు. కాసేపు ఉన్నచోటే తిరిగి, ఎగువకు కదిలింది.

"పోటు అండి," అన్నాడు పడవతను. "సముద్రం ఎక్కుతోంది. కాసేపు ఏరు వెనక్కి నడుస్తాదండి."

"మళ్ళీ కిందికి వస్తుందా?" అని పెదనాన్న అడిగారు.

"వస్తాదండి. ఎంతసేపటికని మాత్రం అడక్కండి."

పెదనాన్న సముద్రం వైపు నుంచి ఎగువకు తిరిగారు, మళ్ళీ సముద్రం వైపు చూశారు. జోడించిన చేతులు ఎటు చూపాలో తెలియక అలాగే గుండెల దగ్గర ఆగిపోయాయి. మట్టిరంగు నీళ్ళ మీద ఆ బూడిద చార, బంతిపూలను తోడు తీసుకుని, నిదానంగా ఎదురెక్కుతూ పోయింది. ఇంజను ఆపేసిన మా పడవ కూడా ఎవరూ తొయ్యకుండానే దాని వెనక కదిలింది.